వేలంలో జాగా: ఒడిశా సరిహద్దు జిల్లాల్లో పాట తేల్చేదెంత, తేల్చనిదెంత

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం ప్రాంతాల ఆస్తులపై బ్యాంకులు వేసే వేలం ప్రకటనలు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. అప్పు తీసుకున్నవారి పేరు, హామీదారు పేరు, బాకీ మొత్తం, మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, రిజర్వు ధర (అంతకు తక్కువకు అమ్మని కనీస ధర), ధరావతు (పాటకు ముందు కట్టే బయానా), వేలం తేదీ వరుసగా వస్తాయి. అడుగున మాత్రం చిన్న అక్షరాల్లో, ఆస్తి ఎక్కడ ఎలా ఉందో అక్కడ అలాగే అమ్ముతున్నామని, మిగిలిన సంగతులన్నీ కొనేవారే విచారించుకోవాలని ఒక షరతు ఉంటుంది. బజారు ధర కంటే రిజర్వు ధర తక్కువగా కనిపించినప్పుడు చదివేవారి చూపు ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది. అయితే ఆ ధర ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు జవాబు తరచుగా ఆ చివరి షరతులోనే ఉంటుంది. వేలం ఒక ఆస్తికి ధరను తేలుస్తుంది. ఆ ఆస్తిపై ఉన్న హక్కు ఎంత గట్టిదో అది తేల్చదు. ఈ మాట దేశంలో ఎక్కడైనా నిజమే గాని, ఒకప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసిన ఈ దక్షిణ జిల్లాల్లో దానికి ఉన్న బరువు వేరు.

మొదట చూడవలసింది అమ్ముతున్నది ఎవరన్నది. ఇక్కడ ఆస్తులు ప్రధానంగా మూడు దారుల్లో వేలానికి వస్తాయి. బాకీ పడ్డ అప్పుకు తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే అమ్మేందుకు 2002 నాటి సర్ఫేసీ చట్టం వీలు కల్పిస్తుంది. డిక్రీ, అంటే బాకీ చెల్లించమన్న కోర్టు తీర్పు, అమలులో భాగంగా సివిల్ కోర్టు జప్తు చేసి అమ్మేది రెండో దారి. ప్రభుత్వానికి రావలసిన బకాయిల కోసం 1962 నాటి ఒడిశా పబ్లిక్ డిమాండ్స్ రికవరీ చట్టం కింద, స్థానికంగా సర్టిఫికెట్ కేసు అని పిలిచే పద్ధతిలో జరిగేది మూడోది. బ్యాంకు తన వద్ద తాకట్టులో ఉన్నదాన్ని అమ్ముతుంది. కోర్టు బాకీదారుకు ఆ ఆస్తిలో ఎంత హక్కు ఉందో అంతే అమ్ముతుంది. బాకీదారుకే హక్కు లేని చోట సుత్తి దెబ్బతో కొత్త హక్కు పుట్టదు. కోర్టు ముద్ర పడింది గనుక ఇక ఢోకా లేదని నమ్మి పాట పాడినవారు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడానికి ఈ ఒక్క అపోహ చాలు.

హక్కు మాట వచ్చినప్పుడు ఈ జిల్లాల చరిత్రను పక్కన పెట్టడం సాధ్యం కాదు. గంజాం, విశాఖపట్నం ఏజెన్సీ కొండల్లో కొండజాతుల భూములు షావుకార్ల చేతుల్లోకి పోయిన దారుల్లో వేలం ఒకటి. ధాన్యానికో, పెళ్లికో, చావుకో చేసిన చిన్న బాకీ వడ్డీతో పెరగడం, డిక్రీ రావడం, డిక్రీ అమలులో భూమి జప్తు కావడం, అప్పిచ్చినవాడో అతని మనిషో పాట పాడి దాన్ని దక్కించుకోవడం జరిగేది. అన్నీ కాగితం మీద సక్రమమే. ఈ క్రమానికి అడ్డుకట్ట వేయడానికి మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టాన్ని తెచ్చి, ఏజెంటు, అంటే ఆ ప్రాంతాన్ని చూసే ప్రభుత్వ అధికారి, అనుమతి లేకుండా కొండజాతివారి నుంచి ఇతరులకు జరిగే బదిలీలు చెల్లవని చెప్పింది. ఒడిశాలో దాని స్థానంలోకి వచ్చిందే షెడ్యూల్డ్ ప్రాంతాల స్థిరాస్తి బదిలీ రెగ్యులేషన్, అంటే 1956లోని 2వ నంబరు రెగ్యులేషన్. మొదట్లో అధికారుల అనుమతితో గిరిజనేతరులకు బదిలీ చేసే వీలు ఉండేది. 2002లో అమల్లోకి వచ్చిన సవరణ ఆ కిటికీని కూడా మూసివేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనుడికే బదిలీ కావాలి. 2023 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం అనుమతితో బదిలీకి మళ్లీ దారి తెరవాలని నిర్ణయించినా, వ్యతిరేకత రావడంతో ఆ నిర్ణయం నిలిచిపోయింది.

సరిహద్దుకు అటూ ఇటూ బంధుత్వాలు, వ్యాపారాలు ఉన్న తెలుగు కుటుంబాలు ఇక్కడ ఒక విషయంలో తరచుగా పొరబడుతుంటాయి. ఆంధ్రలో అందరి నోటా వినిపించే 1/70 చట్టం, అంటే 1959 నాటి రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణ, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడికి జరిగే బదిలీని కూడా నిషేధిస్తుంది. అక్కడి భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే అది ముందుగా భావిస్తుంది కూడా. ఒడిశా రెగ్యులేషన్ అంత దూరం పోదు. అది పట్టించుకొనేది గిరిజనుడి భూమినే. అందువల్ల రాయగడ పట్టణంలో గిరిజనేతరుడి ఇంటిని గిరిజనేతరుడు వేలంలో కొనడానికి అడ్డు లేదు. ఆంధ్ర చట్టం తెలిసినవారు అసలే కొనకూడదని వెనక్కి తగ్గుతారు. ఒడిశా చట్టం సగం తెలిసినవారు ప్రస్తుత యజమాని గిరిజనేతరుడు గనుక చిక్కేమీ లేదని ముందుకు వెళతారు. ఈ రెండో పొరపాటే ఖరీదైనది. ప్రస్తుత యజమానికి భూమి ఎవరి నుంచి వచ్చింది, ఆయనకు అమ్మినవారికి ఎవరి నుంచి వచ్చింది అని వెనక్కి వెళ్తూ ఉంటే ఎక్కడో ఒక చోట గిరిజనుడి పేరు తగలవచ్చు. అక్కడ చెల్లుబాటయ్యే అనుమతి లేకపోతే ఆ తరువాత జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్టు, వేలం అన్నీ ఆ బలహీనమైన పునాది మీద లేచిన గోడలే. అలాంటి భూమి నుంచి స్వాధీనదారుని తొలగించి గిరిజనుడికి తిరిగి అప్పగించే అధికారం రెవెన్యూ అధికారులకు ఉంది. ఎన్నో ఏళ్లుగా అనుభవంలో ఉన్నామన్న వాదన కూడా నిలవదు. అన్యాక్రాంతం చేయడానికే వీల్లేని గిరిజన భూమిపై గిరిజనేతరుడికి దీర్ఘకాల స్వాధీనం వల్ల హక్కు రాదని ఒడిశా రెగ్యులేషన్‌పైనే నడిచిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఏ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వస్తుందన్నది కూడా అంచనాతో తేల్చేది కాదు. పాత కోరాపుట్ జిల్లా మొత్తం, అంటే నేటి కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి జిల్లాలు నాలుగూ షెడ్యూల్డ్ ప్రాంతమే. గజపతి జిల్లాలో అలా కాదు. ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు జాబితాలో ఉన్నాయి గాని, పర్లాకిమిడి పట్టణం, కాశీనగరం వైపు మైదానం అందులో లేవు. గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు. ప్రకటనలో రాయగడ అన్న పేరు కనిపించినప్పుడు జిల్లా, తహసీలు, మౌజా మూడూ సరిచూసుకోకపోతే ఆస్తి ఎక్కడుందో కూడా తెలియకుండా ధరావతు కట్టే పరిస్థితి వస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతం కాని చోట 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టంలోని 22వ సెక్షను ఎస్టీలతో పాటు ఎస్సీల భూములకూ రక్షణగా నిలుస్తుంది. రెవెన్యూ అధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆ వర్గాలకు చెందనివారి పేరిట జరిగిన బదిలీ చెల్లదు. కాబట్టి బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా ఏజెన్సీ కాదు గదా అన్న ధీమా చాలదు.

ఈ సంగతి తెలుసుకొనే మార్గం నిజానికి కష్టమైనది కాదు. ఒడిశాలో పట్టా అని పిలిచే హక్కుల రికార్డు భూలేఖ్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. అయితే అది ఒడియా లిపిలో ఉంటుంది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే చాలామందికి ఆ లిపి చదవడం రాదు. రాకపోతే చదివి చెప్పే మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క గడీ చదివించుకోవడం తప్ప దగ్గరి దారి లేదు. రైతు పేరు, తండ్రి పేరు రాసిన గడిలోనే జాతి, నివాసం రాసి ఉంటాయి. చాలామంది పేరు చూసి వదిలేసే ఆ గడిలో జాతి అన్న ఒక్క మాటే వేలం మంచిదో కాదో చెప్పగలదు. ఆపైన ప్లాటు నంబరు రెండు రకాలుగా ఉంటుంది. ప్రస్తుత సెటిల్‌మెంటు (భూసర్వే, రికార్డుల సవరణ) నంబరును హాల్ అని, అంతకు ముందరి దాన్ని సాబిక్ అని అంటారు. ఈసీలో, అంటే ఆస్తిపై నమోదైన లావాదేవీల ధ్రువపత్రంలో, వెతికేటప్పుడు హాల్ నంబరుతో మాత్రమే వెతికి శుభ్రంగా ఉందనుకుంటే, సాబిక్ నంబరు కింద నమోదైన పాత అమ్మకాలు, తాకట్లు కంటికి కనిపించవు. సాబిక్ పట్టా తహసీలు కార్యాలయం నుంచి నకలు తీయించి, అందులో రైతు ఎవరో, ఏ జాతివారో చూసి, అక్కడి నుంచి నేటి బాకీదారు దాకా గొలుసు తెగకుండా వచ్చిందో లేదో సరిచూడాలి. బ్యాంకు న్యాయవాది ఇచ్చిన అభిప్రాయం అప్పు ఇచ్చే రోజున బ్యాంకు కోసం రాసినది. దాన్ని కొనేవారు తమ రక్షణగా భావించడానికి ఆధారం లేదు.

పట్టాలో కిసం అనే మరో గడి ఉంది. భూమి ఏ తరగతిదో అది చెబుతుంది. ఘరబారి అంటే ఇంటి జాగా, శారద అంటే వరి పండే పల్లపు భూమి, గోచరం అంటే పశువుల మేతకు వదిలిన ప్రభుత్వ భూమి. సర్ఫేసీ చట్టంలోని 31వ సెక్షను వ్యవసాయ భూమిపై పెట్టిన తాకట్టును తన పరిధి నుంచి మినహాయించింది గనుక, బ్యాంకు వేలం వేస్తున్న భూమి కిసం ఇప్పటికీ శారద అని ఉంటే ప్రశ్న లేవనెత్తవలసిందే. రికార్డులో రాసిన మాట ఒక్కదానితోనే ఇది తేలదని, భూమిని వాస్తవంగా ఎందుకు వాడుతున్నారో చూడాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. గుణుపురం వైపు రైసు మిల్లు నడుస్తున్న స్థలానికి పట్టాలో ఇంకా వరి భూమి అనే ఉండవచ్చు. అక్కడ బ్యాంకు వాదన నిలబడే అవకాశం ఉంది. మిల్లు వెనుక ఉన్న మూడెకరాల్లో నిజంగా వరి పండుతూ ఉంటే, మిల్లుతో కలిపి దాన్నీ ఒకే లాటుగా అమ్మిన వేలం మీద బాకీదారు రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్తే, కొన్నవారి డబ్బు ఆ వ్యాజ్యం తేలేదాకా ఇరుక్కుపోతుంది.

కొలతల విషయంలో చిన్నదే గాని ఖర్చుతో కూడిన తేడా ఒకటి ఉంది. ఒడిశా రికార్డుల్లో విస్తీర్ణం ఎకరాల్లో, డిసిమిళ్లలో ఉంటుంది. డిసిమిల్ అంటే ఆంధ్రలో చెప్పుకొనే సెంటే, అంటే 435.6 చదరపు అడుగులు. గుంట దగ్గరే తకరారు. ఒడిశాలో 25 గుంటలు ఒక ఎకరం, అంటే గుంటకు నాలుగు డిసిమిళ్లు. తెలంగాణ లెక్కలో 40 గుంటలు ఒక ఎకరం. అయిదు గుంటలని నోటిమాటగా విన్న జాగా ఒక లెక్కలో 20 సెంట్లు, మరో లెక్కలో పన్నెండున్నర సెంట్లు. నేల మీద హద్దులు తేల్చేవారిని ఇక్కడ అమీన్ అంటారు. తెలుగు కోర్టు వాడుకలో అమీనా అంటే సమన్లు, జప్తు కాగితాలు తెచ్చే ఉద్యోగి గనుక, అమీన్ వచ్చాడన్న మాట విని కుటుంబాలు కంగారు పడటం కూడా ఉంది. వేలానికి ముందే అమీన్ చేత కొలిపించుకోవడం వల్ల ఇంటి గోడ పక్క ప్లాటులోకి జరిగిందా, ముందున్న మెట్లు ప్రభుత్వ రహదారిలో ఉన్నాయా అన్నది బయటపడుతుంది.

హక్కు సంగతి తేలిన తరువాతే డబ్బు సంగతి. బ్యాంకు వేలాల్లో గడువులు చాలా బిగువుగా ఉంటాయి. రిజర్వు ధర 40 లక్షలు, ధరావతు 4 లక్షలు ఉన్న ఒక ఇంటిని 46 లక్షలకు పాడారనుకుంటే, పాట ఖాయమైన రోజునే గాని, లేదా మరుసటి పనిదినం లోపల గాని నాలుగో వంతు, అంటే 11.5 లక్షలు కట్టాలి. ధరావతు పోగా చేతి నుంచి పెట్టవలసింది 7.5 లక్షలు. మిగిలిన 34.5 లక్షలు అమ్మకం ఖరారైన 15 రోజుల్లో చెల్లించాలి. ఉభయుల లిఖితపూర్వక ఒప్పందంతో పొడిగించినా మూడు నెలలు దాటకూడదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (ధర నుంచి మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) కూడా చూసుకోవాలి. గడువు తప్పితే కట్టిన నాలుగో వంతు పోతుంది. ఆ జప్తు బ్యాంకుకు ఎంత నష్టం వచ్చిందన్న లెక్కతో ముడిపడి లేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పాట ఖాయమయ్యాక గృహరుణానికి దరఖాస్తు పెట్టుకుందామనుకొనే ఉద్యోగి కుటుంబానికి ఈ 15 రోజులు ఎంత తక్కువో చెప్పనక్కర్లేదు. రుణం మంజూరైన కాగితం చేతిలో లేకుండా పాటలోకి దిగడం పొదుపు సొమ్మును పణంగా పెట్టడమే.

కోర్టు వేలంలోనూ నాలుగో వంతు వెంటనే, మిగిలింది 15 రోజుల్లో కట్టాలి. కాని అక్కడ మరో మెట్టు ఉంది. అమ్మకం జరిగిన 60 రోజుల్లోపల బాకీదారు బాకీ మొత్తాన్ని, కొన్నవారికి ధరలో 5 శాతం అదనాన్ని జమచేస్తే అమ్మకం రద్దవుతుంది. మోసమో, ప్రకటనలో తీవ్రమైన లోపమో జరిగి నష్టం వాటిల్లిందని రుజువు చేసినా రద్దవుతుంది. ఇవన్నీ దాటి అమ్మకం ఖరారైన తరువాత, స్వాధీనం ఇప్పించమని ఏడాదిలోపల కోర్టులో దరఖాస్తు పెట్టాలి. అమ్మకపు సర్టిఫికెట్ చేతికొచ్చింది గదా అని ఇంట్లో దాచుకొని ఆ ఏడాది పోగొట్టుకున్నవారి పరిస్థితి దయనీయంగా ఉంటుంది. బ్యాంకు వేలంలో మాత్రం బాకీ కట్టి ఆస్తిని విడిపించుకొనే హక్కు, 2016 సవరణ తరువాత, వేలం ప్రకటన వెలువడే తేదీతో ముగుస్తుంది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది.

ప్రకటనలో స్వాధీనం ఏ రకమైనదో రాసి ఉంటుంది. భౌతిక స్వాధీనం అంటే తాళం బ్యాంకు చేతిలో ఉందని అర్థం. ప్రతీకాత్మక స్వాధీనం అంటే నోటీసు అంటించారు గాని లోపల మనుషులు ఉన్నారని అర్థం. రెండోదైతే జిల్లా మేజిస్ట్రేటు సాయంతో ఖాళీ చేయించవలసి ఉంటుంది. చట్టం దీనికి 30 రోజులు, కారణాలు రాసి పొడిగిస్తే మొత్తం 60 రోజుల గడువు చెప్పినా, ఉత్తర్వు రావడం వేరు, పోలీసు బందోబస్తు దొరికి తాళం తీయడం వేరు. తాకట్టుకు ముందునుంచీ సక్రమంగా ఉంటున్న అద్దెదారుని ఇలా వెళ్లగొట్టడానికి వీల్లేదు. బాకీదారు వేసే అభ్యంతరం కటక్‌లోని రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. దాని మీద అప్పీలు కోల్‌కతాలో. జయపురం నుంచో మల్కనగిరి నుంచో ప్రతి వాయిదాకు కటక్ వెళ్లడం అంటే రెండు రాత్రుల ప్రయాణం, ఒక రోజు కూలీ లేదా జీతం, న్యాయవాది ఫీజు. తక్కువ రిజర్వు ధరలో ఈ ఖర్చు ముందే దాగి ఉంటుంది.

పాత బకాయిల మాట కూడా అంతే. పాత యజమాని విద్యుత్ బిల్లు తమకు సంబంధం లేదని కొన్నవారు అంటారు. నిబంధనలు అనుమతిస్తే కొత్త కనెక్షను ఇచ్చేముందు ఆ బకాయిని వేలంలో కొన్నవారి నుంచి కోరవచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మూతబడ్డ మిల్లులు, శీతల గిడ్డంగులు వేలానికి వచ్చినప్పుడు ఈ బకాయి చిన్నదిగా ఉండదు గనుక, దక్షిణ ఒడిశాకు కరెంటు పంపిణీ చేసే సంస్థ కార్యాలయంలో కన్స్యూమరు నంబరు ఇచ్చి ముందే అడిగి తెలుసుకోవచ్చు. అంతా సవ్యంగా జరిగితే అమ్మకపు ధ్రువపత్రం వస్తుంది, దానితో తహసీల్దారు వద్ద మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేయించుకోవాలి. మ్యుటేషన్ జరగని వేలం ఆస్తిని తరువాత మరొకరికి అమ్మడం గాని, తాకట్టు పెట్టడం గాని గగనమే.

ఇంతదాకా చెప్పినది కొనేవారి వైపు నుంచి. ఆస్తి పోగొట్టుకొనేవారి వైపు నుంచి చూసినా లెక్క మారదు. బాకీదారుకు జరిగిన అన్యాయం చివరికి కొన్నవారి హక్కులోనే పగులుగా బయటపడుతుంది. కోర్టు బాకీ తీరడానికి ఎంత చాలునో అంతే అమ్మాలి. కొద్ది వేల రూపాయల బాకీకి పదెకరాలు ఒక్కసారే అమ్మిన ఆంధ్ర ప్రాంతపు వేలాన్ని 1989లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. బ్యాంకు ముందుగా 60 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ తరువాత స్వాధీన ప్రకటన, ఆపైన అమ్మకానికి 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ప్రకటనలు రెండు పత్రికల్లో రావాలి, అందులో ఒకటి ఆ ప్రాంతంలో తగినంతగా చదివే స్థానిక భాషా పత్రిక కావాలి. ఒడిశాలో స్థానిక భాష అంటే ఒడియా పత్రికనే ఎంచుకుంటారు. పర్లాకిమిడి వీధుల్లో పొద్దున్నే తెలుగు పత్రిక చదివే ఇంటికి తమ ఇల్లే వేలానికి వచ్చిందన్న సంగతి పొరుగువారి ద్వారా తెలిసే ప్రమాదం ఉంది. హామీదారుగా సంతకం పెట్టిన అన్నదమ్ముడు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉంటే అతనికి నోటీసు అసలు అందిందా, పాత చిరునామా నుంచి తిరిగివచ్చిందా అన్నది ఎవరూ చూడరు. అందని నోటీసే రేపు ట్రిబ్యునల్‌లో మొదటి అభ్యంతరం అవుతుంది.

అందువల్ల రిజర్వు ధర చూసి ఆశపడిన కుటుంబం ధరావతు కట్టడానికి ముందు ఒక రోజు ఆ ఇంటి దాకా వెళ్లి రావడం మంచిది. తలుపు మీద అంటించిన స్వాధీన నోటీసు ఇంకా ఉందా, దాని మీద తేదీ ఏమిటి, ఆ తేదీకీ ప్రకటనలో రాసిన తేదీకీ పొంతన ఉందా, నోటీసులో రాసిన ప్లాటు నంబరూ పట్టాలోని హాల్ నంబరూ ఒకటేనా అన్నది అక్కడే తెలుస్తుంది. లోపల ఎవరున్నారో, ఎప్పటి నుంచి ఉంటున్నారో, అద్దె ఎవరికి కడుతున్నారో పక్కింటివారు చెబుతారు.